చెవిటి పాషా గోరీలో అడుగుజాడలు

బేడీలు వేసిన మనిషిని స్తంభానికి కట్టెయ్యడం నా ఇరవై రెండేళ్ళ పోలీసు ఉద్యోగంలో చాలాసార్లు చూశాను. కానీ అరవై ఎనిమిదేళ్ళ కుంటి ముసలివాణ్ణి, అతను యాభై ఏళ్ళుగా రోజూ తుడిచిన వసారా చలువరాతి స్తంభానికే కట్టెయ్యడం ఆ శుక్రవారం మధ్యాహ్నమే చూశాను.

"ఎవడు కట్టమన్నాడు?" అన్నాను.

"రుక్నెత్తిన్ బే ఆర్డరండీ," అన్నాడు కానిస్టేబుల్ రెజాయి, నా కళ్ళలోకి చూడకుండా. "నాలుగింటికి ప్రాసిక్యూటర్ దగ్గరికి పంపిస్తారట. అందాకా ఇక్కడే ఉంచమన్నారు."

"విప్పు."

"ఆయన ఊరుకోరేమో, హల్దున్ బే..."

"విప్పమన్నాను. పారిపోతాడని భయమా? ఈ కాలేసుకుని వసారా మెట్లు దిగేసరికే నాలుగవుతుంది."

రెజాయి తాళం తీశాడు. గోరీని చూసుకునే ముజావరు సెయ్‌ఫి ఎఫెంది మణికట్లు రుద్దుకోలేదు. స్తంభం మీద తన చెమట మరక పడిందేమోనని వంగి చూసి, చొక్కా చేతితో తుడిచాడు.

ఉదయం ఏడింటికి ఈ గోరీ తలుపు తెరిచి, లోపల శవం ఉందని కేకలు పెట్టింది ఇతనే. చనిపోయినవాడు వెహ్బి ఉస్తా, కుటాహ్యా నుంచి వచ్చిన పింగాణీ పలకల పనివాడు. తల వెనక ఒకే దెబ్బ. అతని సుత్తే పక్కన పడి ఉంది. దెబ్బ గురువారం సాయంత్రం ఆరుకీ ఎనిమిదికీ మధ్య తగిలిందని డాక్టరు తేల్చాడు. గోరీలన్నిటికీ తాళాలు వేయించిన చట్టం వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. ఇప్పుడు కొత్త ప్రభుత్వం పెద్దమనుషుల గోరీలు ఒక్కొక్కటే తెరిపిస్తోంది. రేపు పొద్దున ఈ బెహ్రామ్ పాషా గోరీ వంతు. అంకారా నుంచి మంత్రి వస్తున్నాడు. కాబట్టి నాలుగింటికల్లా హంతకుడు దొరకాలి, నేల కడగాలి. మా పైవాళ్ళకి రెండూ ఒకే రకం పనులు.

నాలుగింటికి ప్రాసిక్యూటర్ చేతిలో పడితే ఈ ముసలివాడికి ఉరి ఖాయం. నా అన్నవాళ్ళు లేనివాడి తరఫున ఎవడు వాదిస్తాడు?

"బాబాయ్, నిన్న సాయంత్రం సంగతి మళ్ళీ చెప్పు. గడియారంతో సహా."

"ఎన్నిసార్లు చెప్పను బాబూ? గుమ్మటం గోకే కూలీలు అయిదింటికి పోయారు. ఉస్తా ఒక్కడూ ఉన్నాడు, ఏదో పలక చూసుకోవాలన్నాడు. ఆరూ నలభైకి నేను మగ్రిబ్ నమాజుకి మసీదుకి పోయాను. ఏడూ పదికి వచ్చాను. తలుపు మూసుంది. ఉస్తా పోయాడనుకుని తాళం వేశాను."

"లోపలికి తొంగి చూడలేదా?"

"లేదు." ఆ మాట నాతో కాదు, నేలతో చెప్పాడు.

"ఉస్తాతో గొడవ పడ్డావట కదా?"

"పడనా మరి? పాంకోళ్ళతో తిరుగుతాడు బాబూ లోపల! పాషా తల దగ్గర టకటకమంటూ! వాళ్ళ నాన్న గోరీ మీద అలాగే తిరుగుతాడా?" అని, పోయినవాణ్ణి తిట్టినందుకు నాలిక కరుచుకున్నాడు. "అల్లా క్షమించాలి. పని మాత్రం బంగారంలా చేసేవాడు."

"వాహ్! ముద్దాయికి సేవలు జరుగుతున్నాయే," అని వెనకనుంచి వినబడింది. మనిషికంటే ముందు లావెండర్ నూనె వాసన వచ్చింది. రుక్నెత్తిన్ బే. కేంద్ర కార్యాలయం ఇన్‌స్పెక్టరు. నాకంటే పదేళ్ళు చిన్న, రెండు కుర్చీలు పైన. "టీ కూడా తెప్పించండి హల్దున్ బే, చక్కెర ఎక్కువేసి."

"తెప్పిస్తాను. మీకూ ఒకటి చెప్పమంటారా?"

"నాకు టీ వద్దు, సంతకం పెట్టిన నేరాంగీకారం కావాలి. రండి, మీకు చదువు చెప్తాను."

గుమ్మం దగ్గర ఇద్దరం బూట్లు విప్పాం. అతను విప్పింది బూట్లకి సున్నం అంటకూడదని. గోడ వెంబడి నేనే ఉదయం ఒక పొడుగాటి బల్ల పరిపించాను, నేల మీద జాడలు చెడకుండా. డాక్టరు వచ్చిందీ, శవం వెళ్ళిందీ దాని మీంచే. దాని మీద నిలబడ్డాం.

ఎనిమిది గోడల గది. గోడగోడకీ రెండు వరసల కిటికీలు. పైవాటికి రంగు అద్దాలు, కిందివాటికి ఇత్తడి ఊచలు. కిందివి నడుం ఎత్తులోనే ఉంటాయి. దారినపోయేవాడు లోపలికి చూసి తనకోసం ఒక ఫాతిహా ప్రార్థన చదివి పోవాలని, పాషా బతికుండగానే మేస్త్రీతో పోట్లాడి అలా పెట్టించుకున్నాడట. నడిమధ్య ముత్యపు చిప్ప పొదిగిన కటాంజనం, దాని లోపల ఆకుపచ్చ బట్ట కప్పిన సందుగ, సందుగ తలవైపు ఇంత లావు తలపాగా. సందుగలో ఏమీ ఉండదు. మనిషి కింద నేలమాళిగలో ఉంటాడు.

గురువారం పగలంతా గుమ్మటం పాత గచ్చు గోకారు. తివాచీలు తీసేసిన నేలమీద, కూలీలు పోయాక దిగిన సున్నప్పొడి వాళ్ళ జాడల్ని కప్పేసి, జల్లెడ పట్టిన పిండిలా పడి ఉంది. దానిలో వెహ్బి ఉస్తా పాంకోళ్ళ గుర్తులు ఒక వరస. అవి కాక, మేజోళ్ళ పాదాలు రెండు వరసలు, తలుపు నుంచి శవం పడి ఉన్న చోటి దాకా. రెండు వరసల్లోనూ వేళ్ళు సందుగ వైపే ఉన్నాయి.

"లోపలికి రెండుసార్లు వచ్చాడు. బయటికి ఒక్కసారీ పోలేదు," అన్నాడు రుక్నెత్తిన్ బే వేళ్ళు మడుస్తూ. "ఎలా పోయాడు? కటాంజనం పక్కనే నేలమాళిగ రాయి ఉంది. ఎత్తి దిగితే వసారా కింద తేలతాడు. చంపి అలా పోయాడు, ఏదో మర్చిపోయి తలుపు గుండా మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అలాగే పోయాడు. ఆ దారి తెలిసింది ఎవరికి? మీ బాబాయికి."

"కుంటికాలితో రాయి ఎత్తాడా?"

"కుంటడం ఎంతసేపు? నేనూ కుంటగలను."

నేను కాగితం తీసి రెండు వరసలూ గీశాను. పాదం పొడుగు జాన మీద నాలుగు వేళ్ళు, కుడిపాదం పక్కకి తిరిగి ఉంది. కింద రాశాను: ఒంటిగంటా పదిహేను నిమిషాలు, రెండు వరసలూ సందుగ వైపు, బయటికి లేవు. "మీ సిద్ధాంతానికి పునాది ఇదేగా. సంతకం చెయ్యండి."

"సంతోషంగా," అని పెద్ద అక్షరాలతో గీకేశాడు.

రాయి ఎత్తడానికి ఇద్దరు కానిస్టేబుళ్ళు చెమటలు కక్కారు. పదకొండు మెట్లు దిగాను. తడి, ఎలుకల కంపు, ఊపిరాడని చలి. టార్చి వేసి చూశాను. వసారా వైపు పోయే దారికి అడ్డంగా ఇనుప తలుపు, దాని తాళం తుప్పుతో ఒకే ముద్దయిపోయింది. దారి పొడుగునా గోడ నుంచి గోడకి సాలెగూళ్ళు. ఒక్క పోగు తెగలేదు. నాకంటే ముందు ఈ దారిన నడిచింది ఎలుకలే.

మధ్యలో బెహ్రామ్ పాషా రాతి గోరీ. బోస్నియా కొండల్లో మేకలు కాసుకునే పదకొండేళ్ళవాణ్ణి పట్టుకొచ్చి, మతం మార్చి, రాజభవనంలో పెంచి పెద్దవజీరుని చేశారు. అర్జీలు పెట్టుకునేవాళ్ళ ఏడుపు వినబడదని జనం చెవిటి పాషా అన్నారు. నాలుగేళ్ళు ఏలాడు. ఒక రంజాను నెలలో సుల్తాను పట్టుతాడు పంపాడు. గొంతు బిగించాక తల కోసి పళ్ళెంలో తీసుకుపోయారు. తల ఎక్కడ పారేశారో ఎవరికీ తెలియదు. మొండెం ఒక్కటే ఈ ఎనిమిది గోడల వైభోగం కింద పడుకుంది. పైన సందుగకి మాత్రం తలపాగా పెట్టారు! మెట్లెక్కి వస్తుంటే నాకు ఆ కాలం మీదా ఈ కాలం మీదా ఒకేసారి రోత పుట్టింది.

"ఎవరూ పోలేదు," అన్నాను బట్టలు దులుపుకుంటూ. "మీ దారిలో సాలీళ్ళు కాపురముంటున్నాయి."

"అయితే ఎగిరిపోయాడా?"

బల్లమీద బోర్లా పడుకుని జాడల్ని దగ్గరగా చూశాను. మొదటి వరసలో మడమలు లోతుగా దిగాయి, అడుగులు బారుగా ఉన్నాయి. రెండో వరసలో లోతు వేళ్ళ దగ్గర. మడమ దగ్గర చిన్న గీరు మాత్రమే ఉంది. అడుగులు పొట్టివి. ప్రతి మూడడుగులకీ రెండు పాదాలూ జతగా ఆగాయి.

లేచి గుమ్మంలోకి వచ్చి అడిగాను. "బాబాయ్, పాషాకి ఫాతిహా చదివాక నువ్వు బయటికి ఎలా వస్తావు?"

"ఎలా ఏమిటి బాబూ? వెనక్కి వెనక్కి నడిచి. మూడడుగులకో సలాం." నా ప్రశ్న అతనికి బొత్తిగా నచ్చలేదు. "పాషాకి వీపు చూపిస్తానా?"

రుక్నెత్తిన్ బే పకపకా నవ్వాడు. "హంతకుడు వెనక్కి నడిచాడా! సలాములు కూడా చేశాడా! రేపు మంత్రిగారికి చెప్పండి, కడుపుబ్బ నవ్వుకుంటారు. పోనీ, వెనక్కి నడిచేవాడు ఇదిగో మీ ఎదురుగానే ఉన్నాడుగా?"

"ఇతను పొద్దున నిలబడ్డ చోటు చూడండి. గుమ్మం దగ్గర సున్నంలో కర్ర గుంట, కాలు ఈడ్చిన గీత. లోపల ఒక్క గీతా లేదు. వచ్చినవాడికి రెండు కాళ్ళూ బాగున్నాయి. గోరీలు మూతపడక ముందే పెరిగిన మనిషి. పెద్దింటి అలవాటు. మనిషి పుర్రె పగలగొట్టి, వాడు గిలగిలా కొట్టుకుంటుంటే, నాలుగొందల ఏళ్ళ నాటి ఎముకలకి వీపు చూపించకూడదని జాగ్రత్తగా అడుగులు వేశాడు. ఇంతకంటే నీచుడు దొరకడు రుక్నెత్తిన్ బే."

అతను నవ్వు ఆపాడు కానీ నమ్మలేదు.

శవం పిడికిట్లో దొరికిన ఎర్ర పెంకు నా జేబులోనే ఉంది. దాన్ని తీసుకుని బల్లమీదుగా సందుగ వెనక గోడ దాకా వెళ్ళాను. అక్కడ పలకల మీద ఎర్ర పూలు. పాత పనిలో ఆ ఎరుపు బొటనవేలికి పప్పుబద్దలా ఉబ్బెత్తుగా తగులుతుంది. ఆ మట్టి, ఆ ఎరుపు ఇప్పుడు ఎవరికీ చేతకాదు. తలుపు పక్క పలకలు అలాగే తగిలాయి. ఈ గోడవి మాత్రం నున్నగా, సబ్బుబిళ్ళలా ఉన్నాయి. చేతిలోని పెంకు కూడా నున్ననే. ఉస్తా ఊరకే ఉండిపోలేదన్నమాట. ఒక మూల పెచ్చు ఊడగొట్టి, దొంగ పలకని పట్టుకున్నాడు.

రెండున్నరకి అతావుల్లా బే వచ్చాడు. పాషా వంశంలో మిగిలిన ఒకే ఒక్కడు. డెబ్బై దాటినా కర్రలా నిటారుగా ఉన్నాడు. నల్లకోటు, వెండి పిడి గొడుగు. రుక్నెత్తిన్ బే నడుం వంచి ఎదురెళ్ళాడు. సెయ్‌ఫి ఎఫెంది ఆయన చెయ్యందుకుని ముద్దుపెట్టుకున్నాడు. ఆయన ఆ చేతిని రుమాలుతో తుడుచుకున్నాడు.

"మా తాతగారి గోరీలో రక్తమా! చీ చీ," అన్నాడు. "మరక పోతుందా?"

"ఎవరి రక్తమో అడగరేం?" అన్నాను.

"పనివాడెవరో అని విన్నాను."

"చలికాలంలో ఆ గోడ పలకలు విప్పించింది మీరేనట?"

"మురికిపట్టి ఉన్నాయి. కుటాహ్యా పంపి కడిగించాను. తిరిగొచ్చాయి."

"వెళ్ళినవే వచ్చాయా?"

ఆయన నన్ను కొత్తగా చూశాడు. "మీ పేరేమన్నారు?"

"హల్దున్. నిన్న ఆరూ నలభైకీ ఏడూ పదికీ మధ్య ఎక్కడున్నారు?"

"ఇంట్లో టీ తాగుతున్నాను. సాక్ష్యం కావాలంటే టీ కప్పుని పిలిపించండి. ఇప్పుడు నా పెద్దవాళ్ళకి ఒక ఫాతిహా చదువుకోనిస్తారా, లేక దానికీ మీ అనుమతి కావాలా?"

"చదువుకోండి," అని పక్కకి జరిగాను.

బూట్లు విప్పి తిన్నగా సున్నంలోకి నడిచాడు. చేతులెత్తి చదివాడు. తర్వాత వెనక్కి, వెనక్కి, వెనక్కి, మూడడుగులు. ఆగి వంగి సలాం. మళ్ళీ మూడు. గుమ్మంలో మా అందరి ముఖాలూ చూసేదాకా తనేం చేశాడో తనకే తెలియలేదు.

నేను పాత జాడకీ కొత్త జాడకీ దారం పట్టి కొలిచాను. జాన మీద నాలుగు వేళ్ళు, కుడిపాదం పక్కకి.

"అవి నా అడుగులే," అన్నాడాయన తాపీగా. "మీరందరూ చూస్తుండగా వేసినవి. వాటిలో నిన్నటివి ఉన్నాయంటే ఎవడు నమ్ముతాడు?"

"ఒంటిగంటా పదిహేనుకే గీసిన కాగితం ఉంది. రుక్నెత్తిన్ బే సంతకంతో."

ఆయన రుక్నెత్తిన్ బే వైపు తిరిగాడు. "ఆ సంతకం నీదేనా నాయనా? బాగా ఆలోచించుకో. రేపు మంత్రిగారు నా పక్కనే కూర్చుంటారు. నీ గురించి అడుగుతారు."

రుక్నెత్తిన్ బే నుదుటి నూనె చెమటతో కలిసి కారింది. "నాకు... సరిగ్గా గుర్తు లేదండీ. చాలా కాగితాలు పెట్టారు ముందర." నన్ను చూడకుండానే అన్నాడు.

"ఎందుకింత గొడవ?" అన్నాడు అతావుల్లా బే. "సెయ్‌ఫీ! చెప్పెయ్యరా వీళ్ళకి, ఎవరు చేశారో."

ముసలివాడు ఆయన ముఖంలోకీ, గుమ్మటం కేసీ చూశాడు. "నేనే చేశాను," అన్నాడు. "రాసుకోండి."

"దేనితో కొట్టావు బాబాయ్?"

"ఈ కర్రతో."

"కర్ర కాదు," అన్నాడు రుక్నెత్తిన్ బే గబగబా కలం తీస్తూ. "సుత్తి. సుత్తితో కొట్టావు."

"అవును బాబూ. సుత్తితోనే."

అతను రాస్తున్నాడు. బడిలో చెప్పించినట్టు చెప్పించి మరీ రాస్తున్నాడు! మెడకి పడ్డ తాడుని నేను విప్పుతుంటే ఆ మెడే మళ్ళీ దూరుతోంది.

"నీకేమైనా పిచ్చా?" అని అరిచాను. "ఎందుకు బాబాయ్?"

"మా తాత, మా నాన్న, నేను, ముగ్గురం ఈ గోరీ నీడలోనే బతికాం బాబూ. ఈయన పోతే పాషాకి దీపం పెట్టేవాడుండడు. నేను పోతే ఏముంది? ఎవడైనా తుడుస్తాడు."

అతని చెయ్యి పట్టుకుని బల్లమీదుగా వెనక గోడ దగ్గరికి నడిపించాను. "తుడిచేవాడివి నువ్వేగా. చెయ్యి పెట్టి చూడు."

"వీటిని ముట్టుకోవద్దన్నారు బేగారు, కొత్తగా కడిగారని..."

"పెట్టు."

బొటనవేలు ఎర్రపువ్వు మీద పెట్టాడు. చట్టం మూయించిన ఇరవై ఆరేళ్ళూ దొంగచాటుగా వారానికోసారి గుడ్డ పెట్టి తుడిచిన చెయ్యి అది. వేలు ఒక పువ్వు మీంచి ఇంకో పువ్వు మీదికి పోయింది. మళ్ళీ మొదటికొచ్చింది. తర్వాత ఆ వేలిని చొక్కాకి గట్టిగా రుద్దుకున్నాడు, పేడలో పెట్టినట్టు.

"అమ్మేశారా?" అన్నాడు గుమ్మం వైపు తిరిగి. "పాషా ఒంటి మీది బట్ట అమ్మేశారా?"

"అరవకురా. నీకు అర్థం కాదు," అన్నాడు అతావుల్లా బే.

"రాసుకోండి బాబూ," అన్నాడు సెయ్‌ఫి ఎఫెంది నాతో. "ఇందాకటిది కొట్టేసి ఇది రాయండి. నిన్న నేను మసీదుకి పోలేదు. కాలు నొప్పి. వసారాలో కిటికీ కిందే నమాజు చేసుకున్నాను. ఆరూ యాభైకి లోపల దబ్బుమంది. ఊచల్లోంచి చూశాను. బేగారు సుత్తి కింద పెట్టి, సందుగకి దణ్ణం పెట్టుకుని, వెనక్కి నడిచి వస్తున్నారు. నేను గోడ చాటుకి పోయాను."

రుక్నెత్తిన్ బే కలం కదల్లేదు. నేను దాన్ని అతని చేతిలోంచి లాక్కుని రాయడం మొదలుపెట్టాను. రెజాయి బేడీలు తీసుకుని, ఎవరూ చెప్పకుండానే, అతావుల్లా బే పక్కన నిలబడ్డాడు.

"తరవాత?" అన్నాను. "ఏడూ పదికి తాళం వేశావు. ఉస్తా చచ్చిపోయాడని నీకు తెలుసు."

ముసలివాడు కర్ర మీద రెండు చేతులూ ఆనించాడు.

"చచ్చిపోలేదు బాబూ," అన్నాడు. "మూలుగుతున్నాడు. నీళ్ళు, నీళ్ళు అన్నాడు. బేగారి పేరు చెప్పేస్తాడని భయమేసి తాళం వేశాను. తెల్లారేదాకా వసారాలోనే కూర్చున్నాను. అయిదింటిదాకా వినబడింది. అదీ రాసుకోండి."

ఈసారి ఆగింది నా చేతిలో కలం. ఈ మాట రాస్తే అతనూ ముద్దాయే. మూడూ నలభై అయింది. అతన్ని ఉరి నుంచి తప్పించడానికే మధ్యాహ్నం నుంచీ ఎలుకల కంపులో పాకాను. గుమ్మంలో రుక్నెత్తిన్ బే నన్నే చూస్తున్నాడు, రాస్తానో లేదో అని. రాశాను.